రీపర్ 7: గొంతు రికార్డింగుకూ మాస్టరింగుకూ పెట్టిన డబ్బు ఊరికే పోదు

ఇంట్లో ఒక గది, ఒక మైకు, ఒక మామూలు కంప్యూటర్. కథలు చదివి ఆడియో చేసేవాళ్లయినా, పాడ్‌కాస్ట్ నడిపేవాళ్లయినా, కీర్తనలు పాడి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లయినా ఈ మూడింటితోనే మొదలుపెడతారు. ఆ పైన ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అంటే రీపర్ అనే చెప్పాలి. చూడటానికి అందంగా ఉండదు. మొదటి వారం చికాకు పెడుతుంది కూడా. అయినా రికార్డింగు, ఎడిటింగు, మాస్టరింగు (బయటికి పంపేముందు ఆడియోను చివరిగా సరిదిద్దడం) మూడూ ఒకే చోట ఇంత గట్టిగా, ఇంత తక్కువ ధరకు చేసిపెట్టేది మరొకటి కనబడదు.

దీన్ని తయారుచేసిన కాకోస్ కంపెనీ వెనక ఉన్నది జస్టిన్ ఫ్రాంకెల్. ఒకప్పుడు ప్రతి కంప్యూటర్‌లోనూ పాటలు వినిపించిన విన్‌యాంప్ ఆయన చేతి పనే. రీపర్ 1.0 వెర్షన్ 2006లో వచ్చింది, 7 వెర్షన్ 2023లో. విండోస్ ఇన్‌స్టాలర్ 20 ఎంబీ లోపే ఉంటుంది. మ్యాక్, లినక్స్ మీదా నడుస్తుంది. సొంత వాడకానికి, లేదా ఏడాదికి 20,000 డాలర్లు దాటని ఆదాయం ఉన్న చిన్న వ్యాపారానికి లైసెన్సు 60 డాలర్లు, అంటే ఐదు వేల రూపాయల పైచిలుకు. అంతకు మించిన వ్యాపారాలకు 225 డాలర్లు. నెలనెలా కట్టే పని లేదు. 60 రోజులు అన్ని సౌకర్యాలతో వాడి చూసి కొనుక్కోవచ్చు.

ముందు సెట్టింగులు. కంట్రోల్ పి నొక్కితే ప్రిఫరెన్సెస్ తెరుచుకుంటుంది. అందులో ఆడియో కింద డివైస్‌లో, మైకును కంప్యూటర్‌కు కలిపే మీ ఆడియో ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన ఏసియో డ్రైవర్ ఎంచుకోండి. శాంపిల్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలవాలో) వీడియో పనికైతే 48,000, ఆడియోకే అయితే 44,100. అది ఒకసారి పెట్టాక మధ్యలో మార్చవద్దు. బ్లాక్ సైజు (ఒక్క విడతలో తీసుకునే శాంపిళ్ల సంఖ్య) రికార్డింగప్పుడు 128 లేదా 256 ఉంచండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్లంటే సుమారు 5 మిల్లీసెకన్లు. మిక్సింగుకు వచ్చాక 1024కు పెంచితే ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాములు) చాలా వేసినా చిటపటలు తగ్గుతాయి.

కొత్తవాళ్లు దాదాపు అందరూ పడే చిక్కు ఇక్కడే ఉంది. హెడ్‌ఫోన్లలో తమ గొంతు రెండుసార్లు వినబడుతుంది, డొల్ల గొట్టంలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. మైకు పాడయిందనుకుంటారు. అసలు సంగతి ఏమిటంటే, ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఆన్‌లో ఉంది, రీపర్ ట్రాక్ మీద రికార్డ్ మానిటరింగ్ కూడా ఆన్‌లోనే ఉంది. రెండింటిలో ఒకటి ఆపితే సరిపోతుంది. మాట్లాడే పనికి రీపర్‌లోది ఆపేయండి. ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా వచ్చే గొంతులో ఆలస్యం ఉండదు.

రికార్డింగు 24 బిట్ వేవ్‌లో, మోనోలో చేయండి. కండెన్సర్ మైకు అయితే నోటికి జానెడు దూరం, డైనమిక్ మైకు అయితే బెత్తెడు. మీరు చదవబోయే వాటిలో అన్నిటికన్నా గట్టిగా పలికే వాక్యం చదివి, మీటర్ మైనస్ 10 డీబీ దాటకుండా గెయిన్ పెట్టుకోండి. 24 బిట్‌లో చిన్నగా వచ్చిన గొంతును తర్వాత పెంచుకోవచ్చు. మీటర్ పైకప్పు (0 డీబీ) తగిలి చిట్లిన గొంతును మాత్రం ఏ ప్లగిన్ కూడా పూర్తిగా బాగుచేయజాలదు. మైకును నోటికి ఎదురుగా కాక కాస్త పక్కకు తిప్పి పెడితే భ, ఫ, ధ లాంటి ఒత్తక్షరాల గాలి నేరుగా మైకుకు తగలదు.

ఎడిటింగులోకి వస్తే రీపర్ ఇచ్చిన డబ్బుకు రెట్టింపు పని చేస్తుంది. ఏ కోత కోసినా అసలు ఫైలు చెక్కుచెదరదు. ఎస్ కొడితే కర్సర్ దగ్గర ముక్క అవుతుంది. అంచుల మీద 10 మిల్లీసెకన్ల ఫేడ్ దానంతట అదే పడుతుంది కాబట్టి టిక్కుమనే శబ్దాలు రావు. తప్పు చదివిన వాక్యం తీసేశాక మిగతాదంతా వెనక్కి జరగాలంటే ఆల్ట్ పి తో రిపుల్ ఎడిటింగ్ ఆన్ చేయాలి. ఇందులో ఒక్క ట్రాకుకే పనిచేసేది ఒకటి, అన్ని ట్రాకులకూ పనిచేసేది ఇంకొకటి ఉన్నాయి. కింద నేపథ్య సంగీతం అప్పటికే అమర్చి ఉంటే రెండోదే వాడండి. లేకపోతే గొంతు వెనక్కి జరిగి సంగీతం ఉన్నచోటే ఉండిపోతుంది. పని అయ్యాక రిపుల్ ఆపడం మరిచిపోతే చివర్లో ఒక చిన్న దగ్గు తీసేసినా దాని తర్వాతిదంతా కదిలిపోతుంది. ఈ పొరపాటు గంట తర్వాత బయటపడితే కంట్రోల్ జెడ్ కూడా పెద్దగా ఆదుకోదు.

తప్పు వచ్చిన చోటే మళ్లీ చదివి అతికించడానికి ట్రాన్స్‌పోర్ట్‌లోని (ప్లే, స్టాప్ బటన్లుండే పట్టీలోని) రికార్డ్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి, టైమ్ సెలెక్షన్ ఆటో పంచ్ ఎంచుకోండి. ఆ వాక్యాన్ని సెలెక్ట్ చేసి పెడితే అంతమేరకే రికార్డు అవుతుంది. మెట్రోనోమ్ సెట్టింగుల్లో ప్రీ రోల్ కూడా పెట్టుకుంటే ముందు వాక్యం వినిపించి మీకు గొంతు అందిస్తుంది. అది సెకన్లలో కాక మెజర్లలో ఉంటుంది: 4/4 తాళంలో టెంపో 120 ఉంటే ఒక మెజర్ 2 సెకన్లు. రెండు మెజర్లు పెడితే ముందు వాక్యం శ్రుతి పట్టుకోవడానికి 4 సెకన్లు దొరుకుతాయి.

నిశ్శబ్దాలను తనంతట తాను కోసే ఆటో ట్రిమ్/స్ప్లిట్ సౌకర్యం తెలుగుకు వాడేటప్పుడు జాగ్రత్త కావాలి. ‘చెట్టు’ అనే మాటను వేవ్‌ఫామ్‌లో దగ్గరగా పెద్దది చేసి చూడండి. ‘చె’ అయిపోయాక నాలుక అంగిలికి అతుక్కుని ఉన్నంతసేపూ గీత చదునుగా ఉంటుంది, తర్వాత ‘ట్టు’ విడుదలవుతుంది. నెమ్మదిగా చదివేవాళ్లకు ఆ చదును పావు సెకను దాకా ఉండొచ్చు. కత్తి, అప్పు, పచ్చడి, అన్నీ ఇంతే. ‘ఎంతకన్నా తక్కువ నిశ్శబ్దాన్ని పట్టించుకోవద్దు’ అనే గడిలో 150 మిల్లీసెకన్లు ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని ఖాళీ అనుకుని కోసేస్తుంది, ‘చెట్టు’ కాస్తా ‘చెటు’ అవుతుంది. ఆ గడిలో 500 పెట్టండి. ముక్కకు వెనక 150, ముందు 50 మిల్లీసెకన్లు ఖాళీ వదలండి. దీర్ఘంతో ముగిసే మాటల తోక తెగకుండా ఉంటుంది.

గది చప్పుళ్ల విషయంలో రీపర్‌ది సగం బలమే. దీంతో వచ్చే రియాఫిర్ ప్లగిన్‌లో సబ్‌ట్రాక్ట్ మోడ్ పెట్టి, నాయిస్ ప్రొఫైల్ తయారుచేసే గడిలో టిక్కు పెట్టి, ఎవరూ మాట్లాడని రెండు మూడు సెకన్లు ప్లే చేసి గది చప్పుడు నమూనా తీసుకుని, వెంటనే ఆ టిక్కు తీసేయాలి. టిక్కు తీయడం మరిచిపోతే మీ గొంతునే చప్పుడు అనుకుని నేర్చుకుని దాన్నీ తినేస్తుంది. ‘రియాఫిర్ వేస్తే గొంతు మాయమైంది’ అనేవాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఇదే. ఏసీ లాంటి ఒకే తీరు హోరును ఇది బాగా తగ్గిస్తుంది. సీలింగ్ ఫ్యాను గాలి రెక్క తిరిగినప్పుడల్లా మారుతుంటుంది కాబట్టి దాని మీద వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. ఫ్యాను ఆపి చదవడం తప్ప దానికి వేరే దారి లేదు. ఇన్వర్టర్, ఛార్జర్ల వల్ల వచ్చే గుంయ్ శబ్దం మన దగ్గర 50 హెర్ట్జ్‌తో మొదలై 100, 150 దగ్గర కూడా ఉంటుంది. 80 దగ్గర హై పాస్ (అంతకన్నా కింది శబ్దాలను ఆపే ఫిల్టర్) పెడితే మొదటిదే పోతుంది. మిగతా రెండింటికీ రీపర్ ఈక్వలైజర్ అయిన రియాఈక్యూలో సన్నటి బ్యాండ్లు వేసి దించాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే చాలాసార్లు ఆ అవసరమే రాదు.

గొంతు మెరుగుపెట్టడానికి రియాఈక్యూ, రియాకాంప్ (కంప్రెసర్, అంటే గట్టి మాటలను అణిచి గొంతును సమం చేసేది) చాలు. 80 హెర్ట్జ్ హై పాస్, గది డొల్లతనం వినబడితే 250-400 మధ్య 2 లేదా 3 డీబీ తగ్గింపు. కంప్రెసర్‌లో నిష్పత్తి 3కి 1, అటాక్ 5 నుంచి 10 మిల్లీసెకన్లు, రిలీజ్ 120 దరిదాపుల్లో. తగ్గింపు చూపే మీటర్ 3 నుంచి 6 డీబీ మధ్య ఆడేలా థ్రెషోల్డ్ (కంప్రెసర్ పని మొదలుపెట్టే స్థాయి) దించాలి. అంతకు మించితే వాక్యాల మధ్య ఊపిరి గొంతుతో సమానంగా వినిపిస్తుంది.

సకారాల దగ్గర మనకు ఇంగ్లీషు ట్యుటోరియళ్ల అంకెలు పూర్తిగా పనికిరావు. ‘స’ ఈల 5 కిలోహెర్ట్జ్ పైన, ఎక్కువగా 6-8 దగ్గర ఉంటుంది. ‘శ’, ‘ష’ల ఒరిపిడి అంతకన్నా కింద, సుమారు 2.5 నుంచి 5 మధ్య. డీఎస్సర్‌ను (సకారాల ఈలను తగ్గించే ప్లగిన్‌ను) 7 దగ్గర పెట్టి వదిలేస్తే ‘సరస్వతి’ మెత్తబడుతుంది, ‘విశేషం’ మాత్రం అలాగే చెవిలో గుచ్చుకుంటుంది. రీపర్‌తో వచ్చే, బ్యాండ్లుగా విడగొట్టి నొక్కే కంప్రెసర్ రియాఎక్స్‌కాంప్‌లో ఈ రెండు పరిధులకూ విడివిడి బ్యాండ్లు పెట్టుకోవచ్చు. ఒక్కో బ్యాండును సోలో చేసి విని, గుచ్చుకునే చోట మాత్రమే 3, 4 డీబీ తగ్గేలా థ్రెషోల్డ్ పెట్టండి. కింది బ్యాండు ఎక్కువ నొక్కితే శకారం సకారమైపోతుంది. తెలుగు చదివేవాడికి అంతకన్నా అన్యాయం లేదు.

మాస్టరింగులో రీపర్‌కు పూర్తి మార్కులు వేయాలి. కంట్రోల్ ఆల్ట్ ఆర్ నొక్కితే వచ్చే రెండర్ కిటికీలోనే నార్మలైజ్/లిమిట్ అనే బటన్ ఉంది. అందులో ఎల్‌యూఎఫ్‌ఎస్‌-ఐ (ఫైలు మొత్తం చెవికి ఎంత గట్టిగా వినబడుతుందో చెప్పే కొలత) ఎంచుకుని లక్ష్యం రాయండి. యాపిల్ పాడ్‌కాస్ట్‌లకు మైనస్ 16, స్పాటిఫైకి మైనస్ 14. యూట్యూబ్ మైనస్ 14కన్నా గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తుంది, చిన్నగా ఉన్నదాన్ని పెంచదు. కింద బ్రిక్‌వాల్ లిమిట్ ట్రూ పీక్ మైనస్ 1. ఎంపీ3గా మారినప్పుడు శిఖరాలు కాస్త పెరుగుతాయి, ఆ 1 డీబీ ఖాళీ వాటికోసం. అసలు రెండర్‌కు ముందు డ్రై రన్ కొట్టి చూడండి, ఫైలు రాయకుండానే లౌడ్‌నెస్ అంకెలు చెబుతుంది. లక్ష్యం చేరడానికి 10, 12 డీబీ పెంచాల్సి వస్తోందంటే లిమిటర్ మీద భారం వేయకుండా వెనక్కి వెళ్లి కంప్రెసర్ సరిచేసుకోవాలి.

ఇక్కడ మోనో గురించి ఒక మెలిక ఉంది. ఒకే గొంతు రెండు చెవుల్లో సమానంగా ఉన్న స్టీరియో ఫైలు మైనస్ 16 చూపిస్తే, అదే లెవల్లో ఉన్న గొంతు మోనో ఫైలుగా మైనస్ 19 చూపిస్తుంది. వినడానికి రెండూ ఒకే గట్టితనం. మోనో ఫైలును కూడా మైనస్ 16కు లాగితే 3 డీబీ అదనంగా నొక్కేసినట్టే. మోనోకు మైనస్ 19 పెట్టండి.

ఆడియోబుక్కులకు ఏసీఎక్స్ (ఆడిబుల్‌కు పుస్తకాలు పంపే వేదిక) పెట్టిన కొలత వేరు: ఆర్‌ఎంఎస్ (సగటు స్థాయి) మైనస్ 23 నుంచి మైనస్ 18 మధ్య, శిఖరం మైనస్ 3 దాటకూడదు, మాటలు లేని చోట చప్పుడు మైనస్ 60 కింద ఉండాలి, ఫైలు 44.1 కిలోహెర్ట్జ్, 192 కేబీపీఎస్ స్థిర రేటు ఎంపీ3. ఏ వేదికకు పంపినా పుస్తక పఠనానికి ఇది మంచి గీటురాయి. మూడోది చాలా ఇళ్లలో తప్పుతుంది, ఎందుకంటే గొంతును పెంచిన ప్రతి డీబీతో గది చప్పుడూ అంతే పెరుగుతుంది. అధ్యాయాలను సెలెక్ట్ చేసి షిఫ్ట్ ఆర్ తో రీజియన్లు చేసి, రెండర్‌లో బౌండ్స్ దగ్గర ప్రాజెక్ట్ రీజియన్స్ పెడితే ఇరవై అధ్యాయాలూ ఇరవై ఫైళ్లుగా ఒక్కసారిగా బయటికి వస్తాయి, ప్రతిదీ విడిగా నార్మలైజ్ అయి.

లోటుపాట్లు ఉన్నాయి. పాటలు కట్టేవాళ్లకు డోలు, తబలా, వీణ శాంపిళ్లేవీ ఇందులో రావు, వాద్యాలు బయట తెచ్చుకోవాల్సిందే. మెనూలు అడవిలా ఉంటాయి. ప్రశ్నార్థకం కొడితే వచ్చే యాక్షన్ లిస్టులో పేరు టైపు చేసి వెతకడం అలవాటు చేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. చప్పుళ్లు తీయడమే మీ ప్రధాన పని అయితే, నెలవారీ చందా భరించగలిగితే, అడోబీ ఆడిషన్ మెరుగు. వారానికి ఒక పది నిమిషాల ముక్క చేసేవాళ్లకు ఉచితంగా దొరికే ఆడాసిటీ సరిపోతుంది. 2022లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి అందులోనూ ఎఫెక్టులను వింటూ మార్చుకునే వీలుంది. పని గంటల్లోకి పెరిగినప్పుడు రీపర్‌తో తేడా తెలుస్తుంది.

కొన్నాక చేయాల్సిన మొదటి పని ఒకటుంది. ప్రాజెక్టును రికార్డింగుకు ముందే సేవ్ చేయండి. చేయకపోతే ఆడియో ఫైళ్లు డాక్యుమెంట్స్‌లో రీపర్ మీడియా అనే ఫోల్డర్‌లో పడతాయి, ప్రాజెక్టు ఫైలు ఇంకోచోట ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ప్రాజెక్టు ఒక్కటే పట్టుకుపోయి వేరే కంప్యూటర్‌లో తెరిస్తే ఖాళీ పెట్టెలు కనబడతాయి. సేవ్ యాజ్‌లో సబ్‌డైరెక్టరీ సృష్టించే టిక్కు, మీడియా అంతా అందులోకి కాపీ చేసే టిక్కు రెండూ పెట్టి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని తీసుకెళ్లాలి. 7 వెర్షన్‌కు ఇప్పుడు కొన్న లైసెన్సు 8.99 దాకా చెల్లుతుంది. విదేశీ లావాదేవీలు అనుమతించిన కార్డు దగ్గర పెట్టుకోండి.