వెదురు దడి వేళ్లకు హెచ్‌డీపీఈ షీటు: కోనసీమ పెరట్లో వాడి చూశాక

ప్రహరీ వెంట త్వరగా ఎదిగి, వీధి చూపు పడకుండా తెరలా నిలిచే మొక్క కోసం కడియం నర్సరీలకు వెళ్లేవారికి వెదురు మీద మనసు పోవడం సహజం. అయితే గోల్డెన్ బాంబూ అని పిలిచేవి నిజానికి రెండు వేర్వేరు మొక్కలు. పసుపు గడ మీద ఆకుపచ్చ చారలుండేది ఉన్నచోటనే గుబురు కడుతుంది కాబట్టి దానితో పేచీ లేదు. చైనాకు చెందిన ఫిల్లోస్టాకిస్ ఆరియా మాత్రం నేల కింద అడ్డంగా వేరుకాండాన్ని సాగదీసి, దాని కణుపుల దగ్గర కొత్త పిలకలు లేపుతుంది. కొమ్మ పుట్టిన కణుపుకు పైన వేలితో తడిమితే తెలిసే గాడి, కణుపుకు రెండేసి కొమ్మలు, గడ మొదట్లో నొక్కుకుపోయినట్టు దగ్గరదగ్గరగా ఉండే కణుపులు దాని ఆనవాళ్లు. అమలాపురం దగ్గర మేము కొన్న ఇంటి పెరట్లో పాత యజమానులు వేసి ఉంచినది ఈ రెండో రకమే. అది గోడ పునాది సందుల్లోంచి దూరి పక్కింటివారి కూరగాయల మడుల్లో పిలకలు వేయసాగింది. దాన్ని కట్టడి చేయడానికి కందకం తవ్వించి నేలలో అడ్డుగా దింపించిన హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు గురించీ, ఆ పని గురించీ ఈ సమీక్ష.

మన డెల్టాలో ఈ సరుకు కోసం దూరం పోనక్కర్లేదు, ఎందుకంటే భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో పరిచేది ఈ జాతి షీటే. చిక్కల్లా మందంతోనే. మేము మొదట అడిగిన దుకాణంలో చెరువులకు వాడే అర మిల్లీమీటరు షీటే దీనికీ చాలునని నొక్కి చెప్పారు. ఆ మాట సరికాదు. చెరువులో నీటిని నిలపడం వేరు, వెదురు వేరుకాండపు మొనను ఆపడం వేరు. తవ్వి తీసిన ఒక కొసను చేతిలోకి తీసుకుని చూస్తే, లేత పసుపు రంగులో పొర మీద పొరగా చుట్టుకున్న తొడుగుల చివర మొన దబ్బనంలా గట్టిగా ఉంది. అందుకే 1.5 మి.మీ. మందం, 75 సెం.మీ. వెడల్పు ఉన్న షీటు తెప్పించుకున్నాము. అది బిరుసుగా ఉండి మూలల దగ్గర సులభంగా వంగదు కనుక, కందకాన్ని మూలల్లో గుండ్రంగా తిప్పించడం మేలు.

షీటు కంటే పనితనం ముఖ్యమని చెప్పాలి. ఈ వెదురు వేళ్లు చాలావరకు పై 30 సెం.మీ. మట్టిలోనే పాకుతాయి, అయినా 70 సెం.మీ. లోతుకు దించి, 5 సెం.మీ. అంచును నేల పైకి ఉంచాము. ఆ అంచు లేకపోతే వేరు పైనుంచి దాటిపోతుంది. షీటును నిలువుగా కాక, పై అంచు వెదురుకు దూరంగా కాస్త వాలేలా నిలబెడితే, తగిలిన వేరు కిందికి దిగకుండా పైకి మళ్లి కంటికి కనబడుతుంది. అన్నిటికంటే బలహీనమైన చోటు అతుకు. చెరువులకు షీటు వేసే పనివాళ్లనే పిలిపించి, రెండు కొసలను ఒకదాని మీద ఒకటి వేసి వేడితో అతికించడం వల్ల మా పెరట్లో ఆ బెంగ తీరింది. వాళ్ల పనికి నిండు మార్కులు ఇస్తాను. కాలువలు కట్టేసిన వేసవిలో తవ్వించడం వల్ల కందకంలోకి నీరు ఊరలేదు, కానీ నల్లమట్టి రాయిలా బిగిసి గునపానికి లొంగక, షీటు ఖరీదు కంటే కూలీయే ఎక్కువైంది. మట్టి తిరిగి నింపేటప్పుడు ఎరువు కలపకుండా, గడ్డలు చితక్కొట్టి, అడుగు నుంచే దిమ్మిసతో గట్టిగా దట్టించాలి. వదులుగా వదిలేస్తే వేరు ఆ దారినే లోతుకు పోతుంది. కొబ్బరి చెట్టు మొదలుకు రెండు మీటర్ల లోపు దాని వేళ్లు దట్టంగా ఉంటాయి కాబట్టి కందకాన్ని అక్కడికి రానివ్వకుండా పక్కకు జరిపించాము.

షీటు వేసినంత మాత్రాన చూడనక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మవద్దు. తొలకరికి ముందొకసారి, కార్తీకం దాటాక మరొకసారి అంచు వెంట మట్టి తప్పించి, పైకి ఎక్కుతున్న వేళ్లను కత్తిరించాలి. వానాకాలం తర్వాత మా అంచు దగ్గర అలాంటి వేళ్లు కనిపించాయి, గోడ అవతల మాత్రం తల్లి నుంచి తెగిపోయిన పాత ముక్కల పిలకలే వచ్చాయి. వాటిని లేతగా ఉండగానే విరుస్తూ పోతే నిల్వ తిండి అయిపోయి చచ్చిపోతాయి. గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొట్టమని సలహా ఇచ్చేవారున్నారు. తల్లితో కలిసి ఉన్న పిలక మీద కొడితే మందు దడికే ఎక్కవచ్చు, పైగా 2022లో కేంద్రం దాని వాడకాన్ని లైసెన్సు ఉన్న తెగుళ్ల నివారణ సంస్థలకే పరిమితం చేసింది.

ఇప్పటికే పాకుడు వెదురు ఉండి, దాన్ని పీకలేనివారికి ఈ షీటును నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. దడి కొత్తగా వేసుకోబోయేవారు మాత్రం ముందు గడ మీద గాడి ఉందో లేదో చూసుకుని, గుబురు కట్టే రకాన్నే తెచ్చుకుంటే ఈ ఖర్చంతా తప్పుతుంది.