రాణిగంజ్ షెడ్డు: బంకమట్టితో కొలిచి చూపించారు

నా బుల్లెట్‌కి కొత్త క్యామ్ (వాల్వులని తెరిచి మూసే భాగం) వేసినప్పుడు వేరేచోట వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ కొలవకుండానే బిగించేశారు. వాల్వు పిస్టన్‌కి తగిలి వంగిపోయింది. ఈసారి సికింద్రాబాద్ రాణిగంజ్ సందులోని చిన్న షెడ్డుకి ఇచ్చాను. మేస్త్రీగారు పిస్టన్ మీద బంకమట్టి పరిచి, నూనె రాసి, పాత గ్యాస్కెట్‌తోనే హెడ్డు (ఇంజిన్ పైమూత) బిగించారు. క్రాంక్‌ని (ఇంజిన్ ఇరుసుని) చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పారు. “ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే వాల్వు) మూసుకుంటూ ఇన్‌టేక్ (గాలి, పెట్రోలు లోపలికి వచ్చే వాల్వు) తెరుచుకునే చోటే ప్రమాదం బాబూ” అన్నారు. హెడ్డు విప్పి, వాల్వులు నొక్కిన చోట మట్టిని బ్లేడుతో కోసి, మిగిలిన మందం వెర్నియర్ స్కేలుతో కొలిస్తే ఇన్‌టేక్ వైపు 2.3 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.1. ఎగ్జాస్ట్ వేడికి సాగే వాల్వు కదా, అటువైపు 2.5 అయినా ఉండాలని పిస్టన్ మీద వాల్వు కోసం ఉండే గాడి లోతు చేయించి మళ్లీ కొలిచారు. రెండు రోజులు ఆలస్యమైంది, కానీ టెన్షన్ పోయింది. బండి పెట్టడానికి చోటు తక్కువ, పొద్దున్నే వెళ్లండి.