ఒకే పటం మీద మూడు అంశాలు: క్యూజీఐఎస్ ఎంతవరకు మోస్తుంది?

పటాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌కు పైసా ఖర్చు లేదు. జిల్లాల పటం మీద మూడు అంశాలు కలిపి చూపడానికి ప్లగిన్ (విడిగా జతచేసుకునే చిన్న ప్రోగ్రామ్) కూడా అక్కర్లేదు. నాలుగోది ఎక్కించారా, చూసేవాళ్లకు తలనొప్పే. 2011 జనగణన అంకెలు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాల పటం పెట్టి చూస్తే దీని సత్తా, లోటు రెండూ బయటపడతాయి.

ముందు జాయిన్, అంటే అంకెల పట్టికను పటానికి కలపడం. పట్టికలో 40,53,028 అని కామాలతో ఉంటే ఆ కాలమ్ టెక్స్ట్‌గా వస్తుంది, గ్రాడ్యుయేటెడ్ (అంకెను బట్టి రంగు మార్చే పద్ధతి) జాబితాలో కనిపించనే కనిపించదు. కామాలు ఎక్సెల్‌లోనే తీసేయండి. పేర్లతో కాకుండా జిల్లా కోడ్‌తో కలపండి. రంగారెడ్డి ఒకచోట ఒకే మాటగా, ఇంకోచోట రెండు మాటలుగా ఉంటే ఆ జిల్లా ఖాళీగా మిగులుతుంది. ఇప్పటి 33 జిల్లాల తెలంగాణ పటానికి ఈ జిల్లా అంకెలు అతకవు, గ్రామాలు, పట్టణాల అంకెల నుంచి కూడుకుని రావాలి.

శాతానికి రంగు, సంఖ్యకు సైజు. ఇందులో బేరం లేదు. స్త్రీల అక్షరాస్యతకు గ్రాడ్యుయేటెడ్‌లో ఐదు తరగతుల లేత రంగులు చాలు. దాని మీద పై చార్ట్ (ముక్కలుగా కోసినట్టుండే వృత్తం): సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమ, ఇతరులు. సైజ్ ట్యాబ్‌లో స్కేల్డ్ సైజ్ ఎంచుకుని, మొత్తం పనివారి కాలమ్ ఇచ్చి, ఫైండ్ నొక్కి, స్కేల్‌ను ఏరియాలో ఉంచండి. లెంగ్త్‌లో పెడితే రెట్టింపు సంఖ్యకు నాలుగింతల వృత్తం వస్తుంది.

రెండు శాతాలను రంగుల్లోనే కలపాలంటే లేయర్‌ను (పటంలోని పొరను) డూప్లికేట్ చేసి, ఒకదానికి తెలుపు నుంచి నీలం, రెండోదానికి తెలుపు నుంచి గులాబీ ఇచ్చి, పైదాని బ్లెండింగ్ (కింది రంగుతో కలిసే తీరు) మల్టిప్లై చేయండి. మూడేసి తరగతులు, తొమ్మిది రంగులు. నాలుగేసి పెడితే పదహారు, ఏది ఏదో పోల్చుకోలేం. కింద బేస్‌మ్యాప్ (నేపథ్య పటం) ఉంటే దాని రంగూ కలిసిపోతుంది, క్యూజీఐఎస్ 3.24 వెర్షన్ నుంచి వచ్చిన గ్రూప్ రెండరింగ్‌తో (ఆ రెండు లేయర్లను ఒక గుంపుగా గీయించడంతో) ఆ తంటా తప్పుతుంది. లెజెండ్ (ఏ రంగుకు ఏ అర్థమో చెప్పే సూచిక) మాత్రం, ప్లగిన్ వాడకపోతే, తొమ్మిది గళ్లూ లేఅవుట్‌లో చేత్తో గీసుకోవాల్సిందే. ఇంత చేసిన సాఫ్ట్‌వేర్ ఆ ఒక్కటీ వదిలేయడం విసుగే. పీడీఎఫ్‌లో ఆ పటం వెక్టర్‌గా (ఎంత పెంచినా చెదరని గీతలుగా) కాక బొమ్మగా దిగుతుంది, అచ్చుకైతే 300 డీపీఐ పెట్టండి.

అసలు చిక్కు హైదరాబాద్ దగ్గర. 217 చదరపు కిలోమీటర్ల జిల్లా, చుట్టూ రంగారెడ్డి. ఓవర్ సెంట్రాయిడ్ (జిల్లా నడిబిందువు మీద) పెడితే రెండు పై చార్ట్‌లూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. షో ఆల్ డయాగ్రమ్స్ టిక్ తీస్తే ఒకటి చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. రంగారెడ్డి పై చార్ట్‌కు ఎక్స్, వై కోఆర్డినేట్లు విడిగా ఇచ్చి పడమటికి జరిపితే రెండూ నిలుస్తాయి.