సందక్‌ఫూలో కిటికీ కోసం కట్టిన రెండు వేలు

నవంబరు మొదటి వారంలో నేనూ మా బావా సందక్‌ఫూ ఎక్కాం. పశ్చిమ బెంగాల్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటు అదే, 3,636 మీటర్లు. ప్రపంచంలోని ఐదు ఎత్తైన శిఖరాల్లో నాలుగు, అంటే ఎవరెస్టు, కాంచన్‌జంగా, లోత్సే, మకాలూ, అక్కడి నుంచి కనిపిస్తాయి. ఆ ఫొటో కోసమే వెళ్లాను. సగమే దక్కింది. చలి వల్లా కాదు, మబ్బుల వల్లా కాదు. మేం దిగిన లాడ్జి వల్ల.

"కిటికీ తెరిస్తే కాంచన్‌జంగా" అని లాడ్జివాడు ఫోన్లో చెప్పి, గదికి 3,500 అన్నాడు. 2,000 ముందే వేయించుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి కాళ్లీడ్చుకుంటూ చేరేసరికి ఆ గది జీపులో వచ్చిన వాళ్లకి ఇచ్చేశాడు. మాకు వెనక గది. కిటికీ తీస్తే మూరెడు దూరంలో నీలం రేకుల గోడ. రజాయి తడితడిగా ఉంది. డబ్బు తగ్గించమంటే సీజన్ అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాడు. బావకి అప్పటికే తలనొప్పి. "ఎందుకురా గొడవ, పడుకో" అని గోడవైపు తిరిగాడు.

బకెట్ వేడినీళ్లు 150, ఒక్కో బ్యాటరీ ఛార్జింగ్‌కి 150. గదిలో ప్లగ్గు లేదు, కింద భోజనాల గదిలో పెట్టాలి. రెండు బ్యాటరీలు పెట్టాను. ఎనిమిదిన్నరకి ఆ గదికి తాళం వేసేశాడు. తెల్లవారుజామున ఐదింటికి ఎంత తలుపు కొట్టినా లేవలేదు.

కెమెరాలో ఉన్న బ్యాటరీ మూడో వంతే. దానితోనే బయటికి పరిగెత్తాను. కుంభకర్ణ అనే శిఖరం తలగా, కాంచన్‌జంగా ఒళ్లుగా, పాండిం శిఖరం పాదాలుగా బుద్ధుడు పడుకున్నట్టే ఉంటుంది ఆ వరస. ముందు కాంచన్‌జంగా కొసకి గులాబీ రంగు అంటింది. పదకొండు ఫొటోలు తీశాను. ఎవరెస్టు వైపు లెన్సు తిప్పేలోపు కెమెరా ఆగిపోయింది. బ్యాటరీ తీసి చంకలో వెచ్చబెడితే ఇంకో మూడు వచ్చాయి. అప్పటికి ఆ రంగు పోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

సందక్‌ఫూకి ముందు, దారిలో తుమ్లింగ్‌లో గడిపిన మొదటి రాత్రి ఇందుకు పూర్తిగా వేరు. అది నేపాల్ హద్దులోని ఊరు. మనిషికి 1,300, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ అందులోనే. నడక మొదలుపెట్టిన మానేభంజన్ నుంచి ఎక్కీ ఎక్కీ బావ మాట్లాడటం మానేశాడు. వేడన్నం, పప్పు, రాయో అనే ఆవాల ఆకుకూర, పక్కన దల్లే మిరపకాయ పచ్చడి వచ్చాయి. చెర్రీ పండంత గుండ్రటి మిరపకాయ, మన గుంటూరు కారానికి తీసిపోదు. బావ మూడోసారి అన్నం పెట్టించుకుని, సంచిలోంచి ఆవకాయ తీసి ఆ ఇంటి పెద్దావిడకి వడ్డించాడు. ఛార్జింగ్‌కి ఆవిడ పైసా తీసుకోలేదు. పొద్దున తనే తలుపు తట్టి, టీ ఇచ్చి, మబ్బు లేదని చేత్తో చూపించింది. కాంచన్‌జంగా ఆ పెరట్లోంచే నిండుగా కనిపించింది. నా మంచి ఫొటో అదే.

సందక్‌ఫూ తర్వాత అదే కొండవరసలోని ఫాలుట్ దాకా 21 కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా నడిచాం. గైడ్‌కి రోజుకి 1,500, ప్రతి రూపాయికీ న్యాయం చేశాడు.

ఫొటోల కోసం వెళ్లేవాళ్లు తుమ్లింగ్‌లో రెండు రాత్రులు ఉండండి. సందక్‌ఫూలో గది కళ్లతో చూశాకే డబ్బివ్వండి. బ్యాటరీలు నాలుగు తీసుకెళ్లి, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి, ఎవరి చేతికీ ఇవ్వకండి. దూరాన్ని దగ్గరగా చూపే 70-200 లెన్సు బరువైనా మోయాల్సిందే, వైడ్ లెన్సులో శిఖరాలు తెల్లటి గీతలా మిగులుతాయి. పొద్దెక్కాక మంచు బూడిదరంగులో పడుతుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు, పెంచండి. చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చేముందు కెమెరాని బ్యాగులో మూసేయండి, లేకపోతే లెన్సుకి చెమ్మ పడుతుంది.

లాడ్జివాడు నా ఫోన్ ఇప్పటికీ ఎత్తడం లేదు. తుమ్లింగ్ ఫొటో రెండు ప్రింట్లు తీయించాను. ఒకటి మా హాల్లో ఉంది. రెండోది ఆ పెద్దావిడకి ఇమ్మని గైడ్ చిరునామాకి కొరియర్ చేశాం. అదే పెట్టెలో మా అత్తయ్య పెట్టిన ఆవకాయ కూడా బావ పంపాడు.