టార్ బ్రౌజర్ రివ్యూ: బెజవాడ నెట్ సెంటర్‌లో ఎంతవరకు నమ్మొచ్చు?

గవర్నర్‌పేటలో అయినా, గుంటూరు బ్రాడీపేటలో అయినా నెట్ సెంటర్‌లో కూర్చోవాలంటే ఐడీ చూపించి రిజిస్టర్‌లో పేరు రాయాలి. 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం ఆ రిజిస్టర్‌నీ, ఏ సైట్లు తెరిచారన్న లాగ్‌నీ యజమాని కనీసం ఏడాది ఉంచాలి. మీరెవరో, ఏ సైట్ చూస్తున్నారో దాచే ఉచిత బ్రౌజర్ టార్. అది వాడితే లాగ్‌లో సైట్ల పేర్లు పడవు. ఫలానా టైముకి టార్ వాడారన్నది మాత్రం తెలుస్తుంది. 2013లో హార్వర్డ్‌కి బాంబు బెదిరింపు మెయిల్ పెట్టిన విద్యార్థి సరిగ్గా ఇలాగే దొరికాడు: ఆ టైముకి క్యాంపస్ వైఫైలో టార్ వాడిందెవరో చూశారు. అవినీతి మీద ఫిర్యాదు పంపేవాళ్లు ముందు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

పనితీరుకి మాత్రం మంచి మార్కులే వేయాలి. డేటా మూడు పొరల ఎన్‌క్రిప్షన్‌తో (ఎవరూ చదవలేని రహస్య లిపిలో) మూడు రిలేల మీదుగా, అంటే మధ్యలో డేటా అందుకుని ముందుకు పంపే మూడు కంప్యూటర్ల మీదుగా, వెళ్తుంది. మొదటి రిలేకి మీ ఐపీ (నెట్‌లో మీ కనెక్షన్ అడ్రస్) తెలుసు, వెళ్లే సైట్ తెలీదు. చివరిదానికి సైట్ తెలుసు, మీరెవరో తెలీదు. అడ్రస్ బార్ పక్కనున్న సర్క్యూట్ గుర్తు నొక్కితే ఆ రిలేలు ఏ దేశాల్లో ఉన్నాయో వరసగా కనిపిస్తాయి. అంతా 514 బైట్ల సమాన ముక్కలుగా పోతుంది కాబట్టి సైజు చూసి పోల్చుకోవడం కష్టం. అయితే టార్ కావాలని ఆలస్యం చేయదు కాబట్టి, మీ లైన్‌నీ సైట్ వైపు లైన్‌నీ రెండూ చూడగలిగినవాళ్లు టైమింగ్ సరిపోల్చి పట్టేయగలరు. ఏ సెట్టింగ్ మార్చినా ఈ లోపం పోదు.

విండోస్‌లో పెన్‌డ్రైవ్‌లోకే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. సెటప్ ఫైల్ టార్ ప్రాజెక్ట్ సొంత సైట్ నుంచే దించుకుని, ఫైల్ అసలైనదేనని తేల్చే జీపీజీ ప్రోగ్రామ్‌తో ఇంట్లోనే దాని డిజిటల్ సంతకం సరిచూసుకోండి. కనెక్ట్ కాకపోతే ముందు గడియారం చూడండి. సెంటర్లలో పాత సిస్టమ్స్‌కి సీమాస్ బ్యాటరీ (కంప్యూటర్ గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ) అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటుంది. టార్ దించుకునే రిలేల జాబితాకి చెల్లుబాటు మూడు గంటలే, అందుకే గడియారం తప్పుంటే టార్ దాన్ని ఒప్పుకోదు. తేదీ, టైమ్ జోన్ సరిచేసినా రాకపోతే కనెక్షన్ సెట్టింగ్స్‌లో స్నోఫ్లేక్ బ్రిడ్జ్ (టార్‌ని అడ్డుకున్నచోట లోపలికి వెళ్లే పక్కదారి) ఎంచుకోండి. పేజీ చుట్టూ వచ్చే బూడిదరంగు అంచు లోపం కాదు, మీ స్క్రీన్ సైజు బయటపడకుండా పెట్టిన ఏర్పాటు.

సెక్యూరిటీ లెవెల్ ‘సేఫెస్ట్’లో పెడితే జావాస్క్రిప్ట్ (పేజీల్లోని బటన్లు, ఫారాలు పనిచేయించే కోడ్) మొత్తం ఆగిపోతుంది, ఫిర్యాదు ఫారాలు చాలావరకు పనిచేయవు. ‘సేఫర్’ నయం. హెచ్‌టీటీపీఎస్ (అడ్రస్ మొదట్లో https అని ఉండే రక్షణ) లేని సైట్‌లో పాస్‌వర్డ్ కొడితే చివరి రిలే నడిపేవాడు చదివేస్తాడు. దించుకున్న పీడీఎఫ్, వర్డ్ ఫైళ్లు నెట్ తీసేశాకే తెరవండి. వాటిలోని లింకులు టార్‌ని దాటి నేరుగా బయటికి వెళ్లి అసలు ఐపీ చెప్పేయగలవు.

సెంటర్ సిస్టమ్‌లో కీలాగర్ (కీబోర్డ్ మీద కొట్టేది రహస్యంగా నమోదు చేసే ప్రోగ్రామ్ లేదా పరికరం) ఉంటే ఇవన్నీ వృథా. మీరు కొట్టే ప్రతి అక్షరం ఎన్‌క్రిప్షన్ కంటే ముందే దానికి చిక్కుతుంది. నిజంగా ప్రమాదం ఉన్న సమాచారమైతే సొంత లాప్‌టాప్‌ని కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోని టెయిల్స్‌తో (విండోస్ బదులు నడిచే, టార్ ద్వారానే నెట్‌కి వెళ్లే ఆపరేటింగ్ సిస్టమ్) బూట్ చేసి పంపండి. బ్యాంకు పనులకి టార్ వద్దు: లాగిన్ విదేశీ ఐపీ నుంచి వచ్చినట్టు కనిపించి ఖాతా బ్లాక్ కావచ్చు.