సెర్చ్ కన్సోల్ ఏళ్ల తరబడి వాడాక: తిరుపతి నుంచి ఒక సమీక్ష

మన సైటు గూగుల్ సెర్చ్‌లో ఎలా కనబడుతోందో చూపే ఉచిత టూల్ గూగుల్ సెర్చ్ కన్సోల్. దీన్ని వెబ్‌మాస్టర్ టూల్స్ అనే పాత పేరున్నప్పటి నుంచి వాడుతున్నాను. 2015లో పేరు మారింది, 2018లో రూపం మారింది. లాడ్జీలకు, ట్యాక్సీలవాళ్లకు, ఒకట్రెండు డెంటల్ క్లినిక్‌లకు సైట్లు చేసి సెర్చ్‌లో పైకి తేవడం నా పని. ఈ మాత్రం పనికి నెలనెలా డాలర్లు కట్టే ఎస్ఈవో (సైటుని సెర్చ్‌లో పైకి తెచ్చే పని) టూల్స్ అక్కర్లేదు. ముందు ఉచితంగా వచ్చేదాన్ని పూర్తిగా పిండుకోండి. కాకపోతే ఇది చెప్పేది జనం ఏం టైప్ చేశారన్నదే. గదులు నిండాయా లేదా అన్నది దీనికి తెలీదు. ఆ సంగతి క్లయింటుకు మొదట్లోనే చెప్పకపోతే నెలాఖరుకి టెన్షన్ తప్పదు.

నేను ఎక్కువగా ఉండేది పెర్ఫార్మెన్స్ రిపోర్టులో. ఒక ట్యాక్సీ సైటు కాణిపాకం పేజీ చూస్తే ఇంప్రెషన్లు (సెర్చ్ ఫలితాల్లో కనబడిన సార్లు) బాగానే ఉన్నాయి, క్లిక్కులే లేవు. క్వెరీలు, అంటే జనం సెర్చ్‌లో టైప్ చేసిన మాటలు, తెరిచాను. జనం అడుగుతున్నది ‘ఎంత దూరం’, ‘ఎంత టైం పడుతుంది’, ‘పోనూ రానూ ఎంత’. పేజీలో ఉన్నదేమో పెద్ద కారు బొమ్మ, ‘బుక్ చేయండి’ అన్న బటన్. బొమ్మ కిందికి దించి, పైన దూరం సుమారు 70 కిలోమీటర్లు అని, చిన్న కారుకి ఎంత, ఇన్నోవాకి ఎంత అని పట్టిక పెట్టాను. టైటిల్లో కూడా దూరం, ఛార్జీ అని చేర్చాను. క్లిక్కులు కదలడం మొదలైంది. ఇలాంటి మార్పుకి డిజైనర్ బుర్ర కంటే ఆ క్వెరీల జాబితాయే ఎక్కువ పనికొచ్చింది.

మన ఊరికే ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. ఏదైనా లాడ్జీ సైట్లో దర్శనం సమాచారం అని పేజీ ఉందంటే, టీటీడీ 300 రూపాయల టికెట్ల కోటా విడుదల చేసిన రోజున ఇంప్రెషన్ల గ్రాఫ్ నిట్టనిలువుగా లేస్తుంది. ఓనరుకి పట్టరాని సంతోషం. నిజానికి వాళ్లంతా వెతుకుతున్నది టీటీడీ సైటుని. మన లాడ్జీ రెండో పేజీలో ఎక్కడో కనబడి లెక్కలోకి ఎక్కింది, అంతే. అందుకే రిపోర్టు చూపించే ముందు రెజెక్స్ ఫిల్టరుతో (ఒక నమూనా ఇస్తే దానికి సరిపోయే మాటలన్నిటినీ పట్టేది) దర్శనం, టికెట్, కోటా ఉన్న క్వెరీలన్నీ తీసేస్తాను. తిరుపతి అని ఇంగ్లీషులో జనం రాసే నాలుగైదు రకాల స్పెల్లింగులను ఒక్కచోటికి చేర్చేది కూడా ఆ ఫిల్టరే. తమిళంలో టైప్ చేసినవి కూడా అలాగే విడిగా తీసి చూడొచ్చు. చెన్నై నుంచి వచ్చేవాళ్ల మీద బతికే ఊరికి అది బంగారం. అయితే ఏ ఊరి నుంచి వెతికారో మాత్రం చూపదు. దేశం వరకే ఫిల్టరు, నగరం లేదు.

‘ఏం సామీ, ఫస్టులో ఉండామా లేదా?’ అన్నది ప్రతి క్లయింటూ అడిగే ప్రశ్న. యావరేజ్ పొజిషన్ (ఫలితాల్లో సగటున ఎన్నో స్థానంలో ఉన్నామన్న అంకె) చూపిస్తే తృప్తిపడతారు గానీ, అందులో సగం మోసం. లాడ్జీ పేరే టైప్ చేసిన వాళ్ల క్వెరీలు కలిస్తే ఆ అంకె ఎప్పుడూ అందంగానే ఉంటుంది. పేరు తీసేసి చూపిస్తే మొహాలు మాడిపోతాయి. నేను తీసేసే చూపిస్తాను.

డేటా 16 నెలలే ఉంటుంది. మామూలు వ్యాపారానికి చాలు, తిరుపతికి చాలదు. బ్రహ్మోత్సవాల తేదీలు ఏటా మారతాయి కాబట్టి పోయినేడాది అవే తేదీలతో పోల్చడం పనికిరాదు. పోలికలో కస్టమ్ అన్నది ఎంచుకుని రెండేళ్ల తేదీలూ చేత్తో పెట్టుకోవాలి. 2023లో అధిక మాసం వల్ల సెప్టెంబరులో ఒకటి, అక్టోబరులో ఒకటి, రెండు బ్రహ్మోత్సవాలు జరిగాయి. మళ్లీ అలాంటి ఏడాది వచ్చేలోగా ఆ అంకెలు కన్సోల్‌లోంచి మాయం. డేటాని బిగ్‌క్వెరీకి (గూగుల్ వాళ్ల డేటా గోదాము) పంపే సౌకర్యం ఉంది గానీ, ఆన్ చేసిన నాటి నుంచే లెక్క, పాతది రాదు. నేను నెలకోసారి షీట్‌లోకి దించుకుంటాను. ఒకసారికి వెయ్యి వరుసలే వస్తాయి, మన సైట్లకు అది చాలు.

మిగతావి పైపైన చెబుతాను. పేజెస్ రిపోర్టులో ‘క్రాల్ చేశాం, ఇండెక్స్ చేయలేదు’ (గూగుల్ పేజీని చదివింది గానీ తన సెర్చ్ జాబితాలో చేర్చుకోలేదు) అన్న వరుసలో ఎక్కువగా చేరేవి వేలూరు, కాళహస్తి, చెన్నై అని ఊరి పేరు మాత్రం మార్చి అదే మ్యాటర్ అతికించిన పేజీలు. ఇండెక్సింగ్ రిక్వెస్ట్ పదిసార్లు నొక్కినా క్యూలో ముందుకు జరగరు. పేజీ ఎంత త్వరగా, కుదురుగా తెరుచుకుంటుందో చెప్పే కోర్ వెబ్ వైటల్స్ క్రోమ్ వాడేవాళ్ల నుంచి పోగైన డేటా; చిన్న సైట్లకు చాలాసార్లు ఆ పేజీ ఖాళీగానే ఉంటుంది, గూగుల్ వాళ్లదే మరో టూల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో చూసుకోవడమే. మ్యాప్స్‌లో నంబరు నొక్కి ఫోన్ చేసినవాళ్లు అసలు ఇందులో కనబడరు, దానికి మ్యాప్స్‌లో కనబడే వ్యాపారం తాలూకు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ చూడాలి. లాడ్జీలకు సగం బేరం అక్కడినుంచే.

కొత్త క్లయింటు దగ్గర నేను మొదట అడిగేది కన్సోల్ ఓనరు ఎవరని. చాలాచోట్ల పాత డెవలపరు జీమెయిల్ ఉంటుంది, ఆయన ఫోన్ ఎత్తడు. డొమైన్ లాగిన్ మన చేతిలో ఉంటే డీఎన్ఎస్‌లో (డొమైన్ సెట్టింగులు) టీఎక్స్‌టీ రికార్డు అనే చిన్న కోడ్ వరుస పెట్టి, సైటు తనదేనని క్లయింటు జీమెయిల్‌తోనే వెరిఫై చేయించి, నన్ను ఓనరుగా కాకుండా ఫుల్ యూజరుగా మాత్రమే చేర్చమంటాను. ఆ తర్వాత పాత డెవలపరు పెట్టిన వెరిఫికేషన్ ట్యాగు, ఫైలు కూడా సైట్లోంచి తీసేయాలి, లేకపోతే ఆయన మళ్లీ ఓనరుగా వచ్చి కూర్చోవచ్చు.