రోజుకి ఆరు నిమిషాలు: ఫిన్లాండ్ యూరో మేలా, స్వీడన్ క్రోనా మేలా, డెన్మార్క్ ముడి మేలా?

ఫిన్లాండ్‌లో టోర్నియో అని ఒక ఊరు. దాన్ని ఆనుకునే స్వీడన్ ఊరు హపరాండా. మధ్యలో సరిహద్దు ఉందన్న మాటే గానీ మామూలు రోజుల్లో ఆపేవాళ్లు ఉండరు. ఇటు పన్నెండైతే అటు పదకొండు. ఇటు యూరో, అటు క్రోనా. 2006లో హపరాండాలో ఐకియా షాపు తెరిచారు, ఫిన్లాండ్ వాళ్లూ అక్కడికే పోయి సోఫాలు కొనుక్కుంటారు. స్నూస్ కోసమూ పోతారు. అది పెదవి కింద పెట్టుకునే పొగాకు. ఐరోపా యూనియన్ అంతటా అమ్మకం నిషేధం, యూనియన్‌లో చేరేటప్పుడు స్వీడన్ ఒక్కటే పట్టుబట్టి మినహాయింపు తెచ్చుకుంది. ఉమ్మడి మార్కెట్ అంటే ఎంత ఉమ్మడో ఈ పొట్లం చెబుతుంది. ఇక క్రోనా పడిందంటే ఇటువాళ్లకి అటు సరుకంతా చవక.

యూరోలో చేరడం మంచిదా కాదా అని తేల్చుకోవడానికి జర్మనీ, గ్రీసుల్ని పక్కపక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. ఆ రెండింటికీ పోలికేముంది? ఈ ఇద్దరు పొరుగువాళ్లకి డెన్మార్క్‌ని కలిపి చూడటం మేలు. ముగ్గురూ చిన్న దేశాలు, ఎగుమతుల మీద బతికేవాళ్లు, పన్నులు గట్టిగా వసూలు చేసి బడీ వైద్యం చూసుకునేవాళ్లు. ముగ్గురి దగ్గరా కార్మిక యూనియన్ల మాట చెల్లుతుంది. ముగ్గురూ ఒకే మార్కెట్‌లో ఉన్నారు. తేడా అల్లా డబ్బు దగ్గరే.

ఫిన్లాండ్ 1999లో మొదటి విడతలోనే యూరోలో చేరింది, రిఫరెండం కూడా పెట్టలేదు. స్వీడన్ 2003 సెప్టెంబర్ 14న జనాన్ని అడిగితే 56 శాతం దాకా వద్దన్నారు. పోలింగ్‌కి నాలుగు రోజుల ముందు, యూరో కావాలని ప్రచారం చేస్తున్న విదేశాంగ మంత్రి అన్నా లింద్‌ని స్టాక్‌హోమ్‌లో ఒక షాపులో కత్తితో పొడిచారు, మర్నాడు ఆమె చనిపోయింది. అయినా ఓటు మారలేదు. డెన్మార్క్ 2000లోనే 53 శాతంతో వద్దంది. కానీ అప్పటికే యూరోకి ముడేసి ఉన్న తన క్రోనేని అలాగే ఉంచింది: 1 యూరోకి 7.46 క్రోనేలు. ఒప్పందం ప్రకారం అటూ ఇటూ 2.25 శాతం కదలొచ్చు, వీళ్లు అంత కూడా కదలనివ్వరు.

పుస్తకాల్లో వాదన తెలిసిందే. దేశానికి చెడ్డకాలం వస్తే సొంత కరెన్సీ విలువ పడుతుంది, సరుకు బయటివాళ్లకి చవకవుతుంది, ఎగుమతులు కోలుకుంటాయి. ఉమ్మడి కరెన్సీలో ఆ వీలు ఉండదు. బదులుగా మారకం ఖర్చు తప్పుతుంది, సట్టా వ్యాపారులు కరెన్సీ మీద దాడి చేస్తారన్న టెన్షన్ తప్పుతుంది. ఆ దాడి ఎలా ఉంటుందో 1992లో స్వీడన్, ఫిన్లాండ్ రెండూ రుచి చూశాయి. క్రోనాని కాపాడుకోవడానికి స్వీడన్ సెంట్రల్ బ్యాంక్ అయిన రిక్స్‌బ్యాంక్ ఆ సెప్టెంబర్‌లో ఒక వడ్డీ రేటుని 500 శాతానికి తీసుకెళ్లింది. అచ్చుతప్పు కాదు, ఐదు వందలే. నవంబర్ 19న చేతులెత్తేసి క్రోనాని వదిలేసింది. ఫిన్లాండ్ మార్క్కా అంతకు ముందే, సెప్టెంబర్‌లో కూలింది. పైగా ఫిన్లాండ్‌కి సోవియట్ యూనియన్‌తో ఉన్న వ్యాపారం ఒక్కసారిగా పోయి, నిరుద్యోగం 3 శాతం నుంచి 17 శాతం దగ్గరికి ఎక్కింది.

దెబ్బ ఒకటే, నేర్చుకున్న పాఠాలు మాత్రం వేరు. ఇంకెప్పుడూ ముడి వేయకూడదని స్వీడన్ అనుకుంది. ఎవరూ విప్పలేనంత గట్టి ముడి వేసుకోవాలని ఫిన్లాండ్ అనుకుంది. అందులో ఆర్థికం సగమే. రష్యాతో 1,300 కిలోమీటర్ల పైచిలుకు సరిహద్దు ఉన్న దేశం, అప్పటికి నాటోలో లేని దేశం, పడమటి బల్ల దగ్గర దొరికిన ప్రతి కుర్చీలోనూ కూర్చోవాలనుకుంటుంది. యూరో వాళ్లకి డబ్బుకన్నా ముందు ఒక కుర్చీ.

ఇక పరీక్ష. 2008 ఆగస్టులో 1 యూరోకి 9.4 క్రోనాల దాకా ఉండేవి. అమెరికా బ్యాంక్ లేమన్ బ్రదర్స్ కూలాక, 2009 మార్చికి 11 దాటాయి. ఆ ఏడాది స్వీడన్ జీడీపీ 4 శాతం పైన తగ్గితే, ఫిన్లాండ్ జీడీపీ 8 శాతం తగ్గింది. అక్కడితో కథ అయిపోతే స్వీడనే గెలిచిందని రాసేసి లేవొచ్చు. ఫిన్లాండ్‌కి మాత్రం ఆ తర్వాత కూడా వరసగా తగిలాయి: కాగితానికి గిరాకీ తగ్గింది, నోకియా ఫోన్ల వ్యాపారం 2013లో మైక్రోసాఫ్ట్‌కి అమ్ముడుపోయింది, 2014 నుంచి రష్యా ఆంక్షలు. 2008 నాటి స్థాయికి ఆర్థిక వ్యవస్థ తిరిగి రావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. సొంత మార్క్కా ఉండి ఉంటే? కొంత తేలికయ్యేది. కానీ నోకియాని మార్క్కా కాపాడేదని అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఫోన్ పది శాతం చవగ్గా ఇచ్చినంత మాత్రాన ఐఫోన్ చూసినవాడు వెనక్కి వస్తాడా?

కరెన్సీని తగ్గించుకోలేని దేశం జీతాల్ని తగ్గించుకోవాలి. ఫిన్లాండ్ అదే చేసింది. 2016లో ప్రభుత్వం, యజమానులు, యూనియన్లు కూర్చుని పోటీతత్వ ఒప్పందం రాసుకున్నారు. జనం ముద్దుగా కికీ అన్నారు. ఏడాదికి 24 గంటలు అదనపు పని, అదనపు జీతం లేకుండా. ప్రభుత్వ ఉద్యోగుల సెలవు బోనస్‌లో మూడేళ్ల పాటు 30 శాతం కోత. యజమాని కట్టే బీమా వాటాలో కొంత ఉద్యోగి నెత్తిన. ఆ 24 గంటల్ని పనిదినాల మీద పంచితే రోజుకి సుమారు ఆరు నిమిషాలు. చాలాచోట్ల అచ్చంగా అలాగే పంచారు. యూరో ఖరీదు ఎంతంటే గోడ గడియారం వైపు చూపించగల ఉద్యోగులు ప్రపంచంలో వీళ్లొక్కరే అయ్యుంటారు.

మరి స్వీడన్‌లో జీతాలు కోయలేదా? కోశారు, ఎవరూ సంతకం పెట్టకుండా. 2013లో 1 యూరోకి ఎనిమిదిన్నర క్రోనాలు ఉంటే, 2023 సెప్టెంబర్‌కి దాదాపు 12 అయ్యాయి. జర్మనీ నుంచి తెప్పించుకునే 1,000 యూరోల వస్తువు 2013లో 8,500 క్రోనాలు, 2023 సెప్టెంబర్‌లో 11,900. స్టాక్‌హోమ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావమరిది దీన్ని ఇంకో రకంగా కొలుస్తాడు. ఊళ్లో కొన్న స్థలానికి వాయిదాలు పంపడం మొదలుపెట్టిన 2014లో క్రోనాకి తొమ్మిది రూపాయల పైన వచ్చేవి. 2023లో ఏడున్నర. రూపాయి ముందు కూడా తన జీతం చిక్కిపోవడం వాడికి మింగుడు పడలేదు. ఫిన్లాండ్ ఎస్పూలో ఉన్న వాడి స్నేహితుడికి ఆ బాధ లేదు, యూరోకి వచ్చే రూపాయలు పెరిగాయే గానీ తగ్గలేదు.

దానికితోడు స్వీడన్‌లో ఇంటి అప్పుల్లో చాలా భాగం మారే వడ్డీ మీదే నడుస్తాయి. 2022 ఏప్రిల్‌లో సున్నా దగ్గరున్న రిక్స్‌బ్యాంక్ రేటు ఏడాదిన్నరలో 4 శాతమైంది. రేటు మన చేతిలో ఉండటమంటే వాయిదా తగ్గుతుందని కాదు.

డెన్మార్క్ సంగతి విచిత్రం. కాగితం మీద చూస్తే అన్నిటికన్నా నష్టపు బేరం ఇదే. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఐరోపా సెంట్రల్ బ్యాంక్‌లో యూరో వడ్డీ రేటు నిర్ణయించే సమావేశంలో ఫిన్లాండ్ సెంట్రల్ బ్యాంక్ గవర్నర్ కూర్చుంటారు, వంతు వచ్చినప్పుడు ఓటేస్తారు. డెన్మార్క్‌కి కుర్చీ లేదు, ఓటు లేదు. వాళ్లు అక్కడ తేల్చింది విని తన రేటు ప్రకటిస్తుంది. ముడి తెగేలా ఉంటే ఇంకా కష్టం. 2008 అక్టోబర్‌లో ప్రపంచమంతా వడ్డీలు తగ్గిస్తుంటే, క్రోనేని కాపాడుకోవడానికి డెన్మార్క్ 5.5 శాతానికి పెంచింది, సరిగ్గా మాంద్యం ముంచుకొస్తున్న నెలలో. 2015 జనవరిలో యూరో ముందు తన ఫ్రాంక్ ఒక హద్దు దాటి పెరగకుండా స్విట్జర్లాండ్ పెట్టిన కట్టు తెంచేసరికి, తర్వాత తెగేది డెన్మార్కేనని డబ్బంతా ఇటు తిరిగింది. ఈసారి క్రోనే పెరిగిపోకుండా ఆపాలి. డిపాజిట్ల మీద రేటు మైనస్ 0.75 శాతానికి దించారు, ప్రభుత్వం బాండ్లు అమ్మడమే ఆపేసింది. ముడి నిలిచింది. 2019లో అక్కడి యుస్కే బ్యాంక్ పదేళ్ల ఇంటి అప్పు మైనస్ 0.5 శాతానికి ఇచ్చింది. ఫీజులు పక్కన పెడితే, తీసుకున్నదానికన్నా తక్కువ తిరిగి కట్టడం. మన చిట్టీల వ్యాపారికి చెబితే నవ్వుతాడు.

ఇంత నష్టపు బేరం నలభై ఏళ్లుగా ఎలా నడుస్తోంది? ప్రభుత్వ అప్పు జీడీపీలో 30 శాతం చుట్టూనే. ఉద్యోగంలోంచి తీసేయడం తేలిక, తీసేస్తే భృతి గట్టిగా వస్తుంది కాబట్టి జనం కూడా పెద్దగా గొడవ చేయరు. 1987 తర్వాత ఒక్కసారి కూడా విలువ తగ్గించుకోలేదు, కాబట్టి పందెం కాసేవాళ్లకి ధైర్యం చాలదు. ఇవన్నీ డెన్మార్క్ సొంత ఆస్తులు. బయటివాళ్లు ముడిని కాపీ కొట్టగలరు, ఆ నలభై ఏళ్లని కొట్టలేరు. యూరోకి ఒప్పందంతో ముడేసుకున్న దేశాల వరండాలో పక్కన నిలబడ్డ బల్గేరియా 2026 జనవరి 1న యూరోలోకి వెళ్లిపోయింది, డెన్మార్క్ ఒక్కటే మిగిలింది.

ఆంధ్ర, తెలంగాణ 2014లో విడిపోయినప్పుడు రూపాయి గురించి ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే కేంద్ర పన్నుల్లో వాటా ఫైనాన్స్ కమిషన్ లెక్క ప్రకారం వస్తుంది, పని ఎక్కడుంటే అక్కడికి రైలెక్కి పోవచ్చు. ఐరోపా యూనియన్ బడ్జెట్ సభ్యదేశాల ఆదాయంలో 1 శాతం చుట్టూనే ఉంటుంది. ఫిన్లాండ్ పదేళ్లు కుంటుతుంటే నింపడానికి ఆ సంచిలో ఏముంటుంది?

నన్నడిగితే, ఇంకా చేరని దేశానికి స్వీడన్ దారే మేలు. కానీ ఒకసారి చేరినవాళ్లు బయటికి రావడం వేరే లెక్క. 2016లో 50,000 పైగా సంతకాలతో వచ్చిన పిటిషన్ మీద ఫిన్లాండ్ పార్లమెంట్ యూరో వదిలేసే సంగతి చర్చించింది, అక్కడితో సరి. మార్క్కా మళ్లీ వస్తోందని పుకారు పుట్టిన రోజే జనం డబ్బంతా జర్మనీ బ్యాంకుల్లో వేసుకుంటారు. ఇక ఆ కుర్చీ మాటకొస్తే, ఫిన్లాండ్ 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరింది. ఇవాళ కొత్తగా నిర్ణయించుకోవాల్సి వస్తే 1998లో అన్నంత గట్టిగా యూరో కావాలని అనేదా అన్నది నాకు అనుమానమే.

అయినా స్వీడన్ వైపు పూర్తిగా మొగ్గలేకపోవడానికి ఒక కారణం ఉంది. కికీలో పోయిన ఆ 24 గంటల్ని ఫిన్లాండ్ యూనియన్లు 2020 నాటికి చాలా రంగాల్లో వెనక్కి తెచ్చుకున్నాయి. ఒప్పందం ఉంది, గడువు ఉంది, ఎదుట కూర్చున్న మనిషి ఉన్నాడు. బల్ల గుద్ది అడిగారు. మా బావమరిది పోగొట్టుకున్న రూపాయిన్నర ఎవర్ని అడగాలి?

స్థలం వాయిదాలు ఇంకా రెండేళ్లున్నాయి.